ఆఖరి పేజీ ఎవరు చింపారు?

నవల గొప్పదా, సినిమా గొప్పదా? బొగ్గుబాయి కాలనీల నుంచి కరీంనగర్ టవర్ సర్కిల్ దాకా థ్రిల్లర్ అభిమానులు నలభై ఏళ్లుగా తెగనివ్వని పంచాయితీ ఇది.

అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవల తెచ్చుకున్న ప్రతివాడికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ దెబ్బ తగిలే ఉంటుంది. అర్ధరాత్రి దాటేదాకా కళ్లు గుంజుతున్నా చదువుతాడు. హంతకుడి పేరు బయటపడే చోటికి వస్తాడు. తీరా చూస్తే ఆఖరి పేజీ ఉండదు. ముందు చదివిన మహానుభావుడెవరో పట్టిపట్టి చింపుకుపోయి ఉంటాడు. తెల్లారి షాపాయనను నిలదీస్తే, “నేనేడ సదివిన అన్నా, అందరు మంచిగుందనే తెచ్చిస్తున్నరు” అని చేతులు దులుపుకుంటాడు. ఇక ఆ నవల పూర్తిగా చదివినవాణ్ని వాడకట్టులో వెతికి పట్టుకోవాలి. వాడు చెప్పేది అసలు ముగింపో, వాడికి నచ్చిన ముగింపో ఆ దేవుడికే తెలియాలి. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్, జగిత్యాల లాంటి ఊళ్లలో ఒకే నవలకు రెండు మూడు ముగింపులు ఇట్లాగే చెలామణిలోకి వచ్చేవి. ఇంతలో అది సినిమాగా వచ్చి ఇంకో ముగింపు పట్టుకొచ్చేది. కొట్లాట అక్కడ మొదలు.

పేజీ చింపినవాణ్ని మరీ అంత తిట్టాల్సిన పని లేదు. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఇదే పనిని దర్జాగా చేశాడు. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన ‘సైకో’ నవల హక్కులు కొన్నాక, గుట్టు ముందే బయటపడకూడదని బజారులో దొరికినన్ని కాపీలు కొనిపించాడని చెబుతారు. మనవాడికి అంత పెట్టుబడి లేదు. బ్లేడు కూడా వాడలేదు.

షిఫ్టు దిగి సీరియల్

1980లు వారపత్రికల రాజ్యం. అంతకుముందు తరానికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవ్విస్తూనే కథను మలుపు తిప్పేవాడు. కానీ సినిమా హాలు దాకా పాఠకుల్ని వెంట తీసుకెళ్లింది మాత్రం యండమూరి వీరేంద్రనాథ్. సికరాజు సంపాదకత్వంలో ఆంధ్రభూమి వారపత్రిక వెలిగిపోతున్న రోజుల్లో, ఆ వారం సంచిక బస్సులో ఎప్పుడు దిగుతుందా అని ఎదురుచూసినవాళ్లు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కొల్లలు. ఇంటికి ఒక్క కాపీ. సింగరేణి కాలనీలో అయితే వరుసకు ఒక్క కాపీ. మొదటి షిఫ్టు దిగి మూడు దాటాక ఇంటికి చేరిన మనిషి స్నానం చేసి బువ్వ తినేలోపు పత్రిక పక్క క్వార్టరుకు పోయేది. సీరియల్ పేజీలను జాగ్రత్తగా విప్పి, దారంతో కుట్టి, సొంతంగా నవల చేసుకున్న ఇల్లాళ్లు ఎందరో. ఆ కుట్టుడు పుస్తకాల్లో ఆఖరి పేజీ ఎప్పుడూ భద్రం. వాళ్ల దగ్గర అబద్ధపు ముగింపులు చెల్లేవి కావు.

రామగుండంలో ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో కరెంటు ఇచ్చింది. వాటితో పాటే అన్ని జిల్లాల ఉద్యోగులూ వచ్చి చేరారు. విజయవాడ నుంచి వచ్చినాయన, వరంగల్ నుంచి వచ్చినాయన, ఇక్కడే పుట్టిన బాయి కార్మికుడు ఒకే హోటల్లో చాయ్ తాగుతూ ఒకే సీరియల్ మీద వాదించుకున్న కాలం అది. భాషలో ఎన్ని తేడాలున్నా, ‘వచ్చే వారం ఏమవుతుంది’ అన్న దాంట్లో అందరూ ఒకటే.

మరి వీళ్లకు కాగితం మీది భయం ఎందుకు కావాల్సి వచ్చింది? భయం ఈ జిల్లాల్లో అద్దెకు తెచ్చుకోవాల్సినంత కరువు సరుకేం కాదు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగితే, ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క, దానికి ఎన్నో రెట్లని జనం లెక్క. రాత్రిపూట కుక్క మొరిగితే ఏ బూట్లో, ఏ చెప్పులో అని చెవులు రిక్కించిన ఊళ్లు ఇవి. అటువంటి చోట కూర్చుని ఎవడో ఊహించి రాసిన హత్య గురించి గోళ్లు కొరుక్కుంటూ చదవడం చూసేవాళ్లకు విచిత్రంగా తోచవచ్చు. నాకైతే అందులో వింతేమీ కనిపించదు. థ్రిల్లర్ నవలలో ప్రతి చావుకూ ఒక కారణం ఉంటుంది. చంపినవాడెవరో చివరికి తెలుస్తుంది. బయట అట్లా తెలిసేది కాదు.

ఉరికంబం దాకా తీసుకెళ్లి

ఇక్కడి పాఠకుడు యండమూరి ‘అభిలాష’ చదివిన తీరు వేరు, కోస్తా పట్నంలో కూర్చున్న పాఠకుడు చదివిన తీరు వేరు అని నేను గట్టిగా అనుకుంటాను.

కథ అందరికీ తెలిసిందే. ఉరిశిక్ష ఉండకూడదని నమ్మిన కుర్ర లాయరు ఒక సాహసం తలపెడతాడు. చేయని హత్య తన నెత్తిన వేసుకుని, ఉరిశిక్ష పడ్డాక నిర్దోషినని రుజువు చేసి, ఇట్లా ఎంతమంది అమాయకుల్ని చంపారో చెప్పమని చట్టాన్నే బోనెక్కించాలనుకుంటాడు. పథకం తలకిందులవుతుంది. 302 సెక్షన్ అన్న మాట కోర్టు గడప తొక్కనివాళ్ల నోళ్లలో కూడా నానడానికి ఈ కథ చేసిన సాయం తక్కువ కాదు. దేశంలోనూ అప్పుడు అదే చర్చ. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమేనని, అయితే అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలని తీర్పిచ్చింది.

కానీ ఆదిలాబాద్ జిల్లాకు ఉరికంబం చర్చావిషయం కాదు. భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు ఈ జిల్లా రైతుబిడ్డల్ని ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ శిక్ష ఆపాలని దేశమంతటా పెద్ద ఎత్తున ఉద్యమం నడిచింది. అంతకుముందు ఉరి వాయిదా పడింది కూడా. చివరికి ఆగలేదు. ఈ సంగతి ఎనిమిదేళ్ల పాతది కాకముందే, 1983 మార్చిలో ‘అభిలాష’ సినిమాగా వచ్చింది. ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వం, క్రియేటివ్ కమర్షియల్స్ కె.ఎస్. రామారావు నిర్మాణం, ఇళయరాజా సంగీతం, చిరంజీవి, రాధిక జంట. పెద్ద హిట్టు. పాటలు ఇప్పటికీ పెళ్లి బరాత్‌లో వినిపిస్తాయి.

హాలు బయట వాదన రెండు పాయలుగా చీలేది. “మనిషిని ఉరి తీస్తమని కూసుంటే నడుమ డ్యూయెట్లేందిరా” అని నవల పక్షం. “పాటలు తీసేస్తే నీ నవలను ఎవడు సూస్తడు, నువ్వొక్కనివి సూస్తవా” అని సినిమా పక్షం. రెండో పక్షానిదే ఎప్పుడూ గెలుపు, ఎందుకంటే వాళ్ల వెనక ఇళయరాజా ఉన్నాడు.

అసలు తేడా పాటల్లో లేదు. నవల చదివేవాడికి ఆ కుర్రాడు బతుకుతాడో లేదో నిజంగానే తెలియదు. ఉరికంబం ఎక్కించి రచయిత చేతులెత్తేస్తాడేమో అన్న అనుమానం ప్రతి పేజీలో ఉంటుంది. సినిమాలో టికెట్ కొన్న క్షణానే ఆ అనుమానం పోతుంది. చిరంజీవిని ఉరితీయరు. 1983లో అయినా, ఎప్పుడైనా తీయరు. ఆ మెడకు తాడు పడుతుందని భయపడేవాడు హాల్లో ఒక్కడూ ఉండడు, సమయానికి రక్షించే మనిషి ఎట్లా వస్తుందన్నదే ఉత్కంఠ. భయం పోయి లెక్క మిగిలింది. లెక్క కూడా ఆసక్తిగానే ఉంటుంది, కాదనను. కానీ సమయానికి ఎవరూ రాని ఉరిని చూసిన జిల్లాలో, ఆఖరి నిమిషపు రక్షణకు పడిన ఈలల్లో కొన్నయినా వేరే కారణానికి పడి ఉంటాయి.

1984లో ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నవల ‘ఛాలెంజ్’ అయింది. 1986లో ‘రాక్షసుడు’, 1988లో ‘మరణమృదంగం’. అదే హీరో, అదే దర్శకుడు, అదే నిర్మాత, అదే ఇళయరాజా. నవల అట్ట మీద సినిమా బొమ్మ వేసి అమ్మడం, సినిమా పోస్టరు మీద నవల పేరు వేసి పిలవడం అప్పటికి పరిపాటి. యండమూరి నవల వారపత్రికలో నడుస్తుండగానే “ఇది చిరంజీవి చేస్తడు” అని పందేలు కాసేవాళ్లు తయారయ్యారు. ఇది చదవడాన్ని పాడుచేసిందని నా ఫిర్యాదు. పాత్రకు ముఖం ముందే వచ్చేసింది.

కాష్మోరా ఎక్కడి నుంచి వచ్చింది?

పంచాయితీ బాగా ముదిరింది మాత్రం యండమూరి ‘తులసిదళం’ దగ్గర. తులసి అనే చిన్నపాప. ఆమె పేరిట వచ్చిపడే ఆస్తి. దాని మీద కన్నేసినవాళ్లు ఒడిశా అడవుల్లో బిస్తా అనే పల్లెకు వెళ్లి, కాద్రా అనే మాంత్రికుడితో పాప మీద కాష్మోరా అనే చేతబడి ప్రయోగం చేయిస్తారు. పాప నీరసిస్తుంది, వికృతంగా ప్రవర్తిస్తుంది, చావుకు దగ్గరవుతుంది. ఒకవైపు డాక్టర్లు, మానసిక వైద్యులు తమ దారిలో కారణం వెతుకుతారు. ఇంకోవైపు మంత్రగాళ్లు తమ దారిలో వెళతారు. రెండు పట్టాల మీద కథ పరిగెడుతుంది, ఏ పట్టా మీద గమ్యం చేరిందో రచయిత తేల్చడు.

ఈ తేల్చకపోవడమే కొందరికి మహా రచనాశిల్పం, కొందరికి మహా మోసం. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఏకంగా పుస్తకం రాశారు. సైన్సునూ మంత్రాన్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టడమే అసలు నేరమన్నది వాదం. ఆ గొడవ కోర్టు దాకా వెళ్లింది. ‘క్షుద్ర సాహిత్యం’ అన్న బిరుదు అప్పటి నుంచి ఈ తరహా నవలలకు అంటుకుపోయింది. విప్లవ సాహిత్యానికి పుట్టినిల్లు లాంటి ఈ జిల్లాల్లో ఆ విమర్శ బాగానే చెవికెక్కింది. ‘కొలిమి అంటుకున్నది’ రాసిన అల్లం రాజయ్యది మంథని ప్రాంతమే. అయితే సభలో క్షుద్ర సాహిత్యాన్ని చీల్చిచెండాడిన యువకుడే ఇంటికెళ్లి, ‘తులసిదళం’కు న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని చదివిన సందర్భాలు లేవని ఎవరూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేరు. పుస్తకం చదవకుండా విమర్శించడం కంటే అది నయమే కదా.

ఈ నవల మీద నాకున్న అభ్యంతరం వేరు. భయమంతా అడవి నుంచే ఎందుకు రావాలి? పట్నంలో కూర్చుని చదివేవాడికి బిస్తా ఒక చీకటి పేరు. ఆదిలాబాద్ పాఠకుడికి అడవి పక్క వీధి. కేస్లాపూర్ నాగోబా జాతరకు పుష్యమాసం అమావాస్యకు బండి కట్టుకుని పోయే మనుషులు, గోండులకు అడవి దేవతల దగ్గర పూజలు చేసిపెట్టే కొలాములు, ఇవన్నీ చుట్టూ ఉన్న బతుకులు. కొమురం భీం 1940లో జోడేఘాట్ గుట్టల్లో నేలకొరిగాక ఇక్కడికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి ఈ మనుషుల లోకాన్ని ఓపిగ్గా రాసిపెట్టాడు. ఆ రాతల్లో కొలాము పూజారి భూమితో, వానతో, పంటతో మాట్లాడే పెద్దమనిషి. థ్రిల్లర్‌లోకి వచ్చేసరికి అటువంటి మనిషే బొమ్మకు సూదులు గుచ్చే దయ్యం అవుతాడు. నవలలో కనీసం డబ్బుకు ఆశపడి ఆ అడవికి వెళ్లింది పట్నపు మనుషులేనన్న సంగతి స్పష్టంగా ఉంది. కుట్ర పట్నానిది, కూలి అడవిది. చర్చల్లో ఈ సంగతి ఎప్పుడూ వెనకబడిపోయేది.

సినిమాలోకి ‘తులసిదళం’ నేరుగా తెలుగులో రాలేదు. ముందు కన్నడంలో 1985లో ‘తులసీదళ’గా వచ్చింది. తెలుగులో దాని కొనసాగింపు నవల ‘తులసి’ ఆధారంగా 1986లో ‘కాష్మోరా’ తీశారు. ఎన్.బి. చక్రవర్తి దర్శకుడు. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, భానుప్రియ, శరత్‌బాబు నటులు. నవల అభిమానులు ఎన్నో ఊహించుకుని వెళ్లారు, సగం మంది నవ్వుకుంటూ బయటికొచ్చారు. అందులో దర్శకుడి తప్పు ఎంత? నవలలో కాష్మోరా అన్నది శబ్దం మాత్రమే. దానికి ఆకారం లేదు. గది తలుపు వెనక నిలబడ్డది అదేనా, గాలికి ఊగే చీరా అన్నది చదివేవాడే తేల్చుకోవాలి. తెర మీద ఏదో ఒకటి చూపించి తీరాలి. చూపించగానే అది ఒక వేషం, కొంత పొగ, ఎర్రలైటు. రంగనాయకమ్మ విమర్శకు సినిమా ఊహించని జవాబు ఇచ్చింది. నవలలో ఉన్న అనుమానాన్ని తీసేసి, దయ్యం ఉందని ఖాయం చేసింది.

కాష్మోరా మాత్రం చావలేదు. 2008లో రాంగోపాల్ వర్మ ‘ఫూంక్’ తీస్తే, దానికి తెలుగులో ‘రక్ష’ వస్తే, నాస్తికుడైన తండ్రి, చేతబడికి గురైన కూతురు కనిపించగానే పాత పాఠకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 2016లో కార్తి హీరోగా ‘కాష్మోరా’ పేరుతోనే తమిళ సినిమా తెలుగులోకి దిగింది. కథతో సంబంధం లేకున్నా, ఆ మూడక్షరాలకు ఇంకా గిరాకీ ఉంది.

ఇంతదాకా ఇది సరదా పంచాయితీ. ఈ జిల్లాల్లో దానికి సరదా కాని కొస ఒకటుంది. బాణామతి, చేతబడి అన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొట్టిన, సజీవంగా తగలబెట్టిన ఘటనలు ఉత్తర తెలంగాణ పత్రికల్లో ఏళ్ల తరబడి జిల్లా ఎడిషన్ వార్తలు. పాతకాలం మాటేమీ కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒకే ఇంటి తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పట్టపగలు పొడిచి చంపారు. పోలీసు కళాబృందాలు ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద పాటలు కట్టి ఆడుతున్నాయి. జనవిజ్ఞాన వేదిక వాళ్లు నిమ్మకాయలో రక్తం ఎట్లా వస్తుందో వేదికల మీద చేసి చూపిస్తున్నారు. సరిహద్దు అవతల మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత, చేతబడి పేరిట జరిగే అకృత్యాల మీద చట్టం తెచ్చింది. పెన్‌గంగ దాటితే ఆ చట్టం ఉంది. ఇటువైపు అటువంటి ప్రత్యేక చట్టం కోసం హేతువాదులు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

‘తులసిదళం’ చదివి ఎవరో ఎవరినో చంపారని నేననడం లేదు. నవల పుట్టకముందే బాణామతి ఉంది. కానీ “అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు” అన్న అనుమానం ఒక మనిషి ప్రాణాన్ని కాపాడగలదు. మా పాపకు జ్వరం ఎందుకొచ్చిందో, పక్కింటి ముసలామె చూపు వల్లనా, బావి నీళ్ల వల్లనా అని తటపటాయించేవాడు గొడ్డలి అందుకోడు. తేల్చేసుకున్నవాడే అందుకుంటాడు. అందుకే ఆ నవల రెండు పట్టాల మీద నడవడం లోపమని ఒకప్పుడు విమర్శకులు అన్న మాటను ఇవాళ తిప్పి చదవాలనిపిస్తుంది. దాని బలం ఆ తటపటాయింపులోనే ఉంది. సినిమా పోగొట్టింది సరిగ్గా దాన్నే.

సైకో కిల్లర్‌కు ముఖం ఉండాలా?

హత్య మీద హత్య చేసుకుంటూ పోయేవాడు మన తెర మీదికి ముందు తమిళం నుంచే దిగాడు. భారతీరాజా, కమల్‌హాసన్‌ల ‘సిగప్పు రోజాక్కళ్’ తెలుగులో ‘ఎర్ర గులాబీలు’ అయింది. అందులో హంతకుడే హీరో వేషంలో ఉన్నాడు, ఆ షాకు ఒక తరాన్ని పట్టి కుదిపింది. 1985లో వంశీ ‘అన్వేషణ’ వచ్చింది. అది ఏ నవలా కాదు. అయినా నవల అభిమానులు దాన్ని తమ పక్షంలో వేసుకుంటారు. అడవిలో ఒకరి తర్వాత ఒకరు చనిపోవడం, పులి చంపిందా మనిషి చంపాడా అని తేలకపోవడం, అందరి మీదా అనుమానం రావడం, ఇది పేజీలు తిప్పిస్తున్నట్టే ఉంటుంది. అందులోని కార్తీక్ అప్పటికి తెలుగు ప్రేక్షకుడికి ‘సీతాకోక చిలుక’ కుర్రాడే కానీ, ఎట్లాగైనా గెలిచి తీరాల్సిన స్టార్ కాడు. ఎవరైనా చావవచ్చు, ఎవరైనా చంపి ఉండవచ్చు. నా మట్టుకు నాకు తెలుగులో అన్నిటికంటే నవలలాంటి థ్రిల్లర్ సినిమా అదే.

యండమూరి ‘రాక్షసుడు’ పేరే పెట్టుకుని 2019లో ఇంకో సినిమా వచ్చింది. దానికి నవలతో సంబంధం లేదు, తమిళ ‘రాచ్చసన్’కు రీమేక్. బడి పిల్లల్ని ఎత్తుకెళ్లి చంపే సైకో కథ. కొత్త తరం కుర్రాళ్లకు ‘రాక్షసుడు’ అంటే ఆ బొమ్మ తల, వాళ్ల నాన్నలకు నాగబాబు తొలిసారి కనిపించిన చిరంజీవి సినిమా, వాళ్ల అమ్మమ్మలకు కుట్టి దాచుకున్న సీరియల్. ఒకే ఇంట్లో ఈ ముగ్గురూ ఆ పేరు మీద మాట్లాడుకుంటే వినసొంపుగా ఉంటుంది. ఎవరి మాట ఎవరికీ అర్థం కాదు.

తర్వాతి ఏడాది ‘హిట్’ వచ్చింది. ఇప్పుడు పోలీసు హీరోకే మానసిక గాయం, హంతకుడికి చిన్ననాటి గాయం, ఇద్దరికీ ఫ్లాష్‌బ్యాక్. గాయాలు చెప్పేశాక ఇక భయపడటానికి ఏముంటుంది? థామస్ హారిస్ 1988లో రాసిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ 1991లో సినిమాగా వచ్చి, ఉత్తమ చిత్రంతో సహా అయిదు ప్రధాన ఆస్కార్లు ఎత్తుకెళ్లింది. అందులో హానిబాల్ లెక్టర్‌గా ఆంథోనీ హాప్కిన్స్ తెర మీద కనిపించేది పావుగంట పైచిలుకే. వాడు ఎందుకట్లా తయారయ్యాడో ఆ సినిమా చెప్పదు. తర్వాత ఆ కారణం చెబుతూ వచ్చిన నవలలో, సినిమాలో ఆ పదును లేదు. మన దగ్గర పావుగంట కనిపించే విలన్‌కు ఎవరూ డేట్లు ఇవ్వరు, ఇచ్చినా హీరో ఒప్పుకోడు.

రాసినవాడే తీస్తే?

నవల పక్షం వాళ్ల చివరి అస్త్రం ఒకటి ఉండేది. “రాసినాయననే తియ్యమనున్రి, అప్పుడు తెలుస్తది.” తీశాడు. 1991 సంక్రాంతికి ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’ యండమూరి దర్శకత్వంలోనే వచ్చింది. చిరంజీవి, విజయశాంతి, ఇళయరాజా, కె.ఎస్. రామారావు. అన్నీ ఉన్నాయి. ఆడలేదు. కాగితం మీద చదివేవాడి గొంతు పట్టుకునే మనిషి కెమెరా వెనక నిలబడితే ఆ పట్టు రాలేదు. ఆ ఓటమితో నవల పక్షం కొంతకాలం నోరు మెదపలేదు.

మళ్లీ నోరు లేచింది కన్నడం పుణ్యాన. యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’ నవలను సునీల్‌కుమార్ దేశాయ్ 1995లో ‘బెళదింగళ బాలె’గా తీశాడు. హత్యలు లేవు, దయ్యాలు లేవు. చదరంగం ఆటగాడికి ఫోన్ చేసి పొడుపుకథలు వేసే అమ్మాయి ఎవరన్నదే ఉత్కంఠ. అనంత్‌నాగ్ హీరో. ఆ అమ్మాయి ముఖాన్ని సినిమాలో ఎక్కడా చూపించలేదు. అంతే, అది చాలు. రచయిత పాఠకుడికి వదిలేసిన ఖాళీని దర్శకుడు ముట్టుకోలేదు. తెలుగు నవల ఎట్లా తీయాలో కన్నడం వాళ్లు చూపించారని నవల అభిమానులు ఇప్పటికీ దెప్పుతారు. దెప్పనీయండి, న్యాయమే.

ఇప్పుడు చర్చ హాలు దాటి ఫోన్లోకి వచ్చింది. కరీంనగర్‌లో ప్రతిమ మల్టీప్లెక్స్ మెట్ల మీద కంటే, రాత్రి భోజనాలయ్యాక డాబా మీద ఎక్కువ నడుస్తోంది. 2022లో మల్లాది ‘తొమ్మిది గంటలు’ నవల ‘9 అవర్స్’ పేరుతో వెబ్ సిరీస్ అయింది. 1980ల నాటి బ్యాంకు దోపిడీ కథ. ఒక్కో గంటకు ఒక్కో భాగం. దాన్ని మెచ్చినవాళ్లూ ఉన్నారు, లాగిందన్నవాళ్లూ ఉన్నారు. కానీ పాత పాఠకులకు అందులో ఒక సంగతి నచ్చింది. వారం వారం ఆగి చదివిన రుచి భాగాలుగా చూడటంలో కొంత తిరిగొచ్చింది. పాటలు పెట్టే బాధ లేదు, గెలిచి తీరాల్సిన స్టార్ లేడు. ఎవరైనా చావవచ్చు.

దాంతో పాత కోరిక మళ్లీ మొలకెత్తింది. ‘తులసిదళం’ను ఎనిమిదో పదో భాగాల సిరీస్‌గా తీస్తే? ఈ ఊహ మీదే ఇప్పుడు అసలు కొట్లాట. కాద్రా ఏ భాష మాట్లాడాలి? ఒడియానా, సినిమావాళ్లు అడవి మనుషులకు పెట్టే ఆ ఎక్కడిదో తెలియని యాసనా? బిస్తాను ఎక్కడ తీయాలి? ఉట్నూరు అడవుల్లో తీయవద్దనీ, మళ్లీ మన గుట్టలకే ఆ పేరు అంటుతుందనీ కొందరి పట్టు. అక్కడే తీయాలనీ, కానీ డబ్బు తీసుకుని పట్నం నుంచి వచ్చే మనుషుల్నే దయ్యాల్లా చూపాలనీ ఇంకొందరు. పాప పాత్రకు ఎవరన్న దాని మీద తగువు లేదు, కొత్త ముఖం కావాలన్నది అందరి మాట. కాష్మోరాను గ్రాఫిక్స్‌లో చూపించాలని కుర్రాళ్లు, చూపిస్తే చందా కట్టిన డబ్బులు వాపసు అడుగుతామని వాళ్ల అమ్మలు. ముగింపు దగ్గరైతే మాట అసలే కలవడం లేదు. డాక్టరు పక్షాన ఒకటి, మంత్రగాడి పక్షాన ఒకటి, రెండు చివరి భాగాలు తీసి చూసేవాడికే వదిలేయాలని మంచిర్యాల వైపు వాదన. ఒక్కటే తీసి, అందులోనే రెంటినీ తేల్చకుండా వదలాలని కరీంనగర్ వైపు పట్టు. జగిత్యాలవాళ్లు మాత్రం దీనికి ముందు ఇంకో ప్రశ్న వేస్తున్నారు. మా పట్టణంలో ఇది అందరూ ఇంట్లో కూర్చుని చూస్తారు గదా, మొదటి భాగం మొదలయ్యే ముందు తెర మీద ఏం రాస్తారో చెప్పండి అని.